వృద్ధాప్యంలో కలత: పింగళి వెంకయ్యగారి జీవితం నేర్పే పాఠం

దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్లారా చూసిన పెద్దలకు వాయుగుండం అన్న మాట చెవిన పడితే చాలు, ఆ రాత్రి కంటిమీద కునుకుండదు. ఆ భయం మనకు అర్థమవుతుంది. అయితే ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా మన ఇండ్లలో కొందరు పెద్దలు కలత పడుతుంటారు. వేసిన గడియే మళ్లీ మళ్లీ చూస్తారు. అడిగిన మాటే అడుగుతారు. గుండెదడ అంటారు, కడుపులో తిప్పుతోందంటారు. మనం చాదస్తమని కొట్టిపారేస్తాం. ఆ కలతకు మూలమేమిటో తెలుసుకోవడానికి, మన ప్రాంతంలోనే పుట్టిన ఒక మహనీయుని జీవితాన్ని ఈ వారం తలచుకుందాం.

పింగళి వెంకయ్యగారు 1876 ఆగస్టు 2న బందరుకు దగ్గరలోని భట్లపెనుమర్రులో జన్మించారు. బందరులో చదువుకున్నారు. యువకుడిగా సైన్యంలో చేరి, బోయర్ యుద్ధకాలంలో దక్షిణాఫ్రికాకు వెళ్లారు. గాంధీగారితో పరిచయం అక్కడే కలిగిందంటారు. తిరిగివచ్చాక ఆయన ఒక్క పనితో తృప్తిపడలేదు. జపాను భాష నేర్చి జపాన్ వెంకయ్య అనిపించుకున్నారు. మునగాలలో పత్తి సాగుపై పరిశోధన చేసి పత్తి వెంకయ్య అయ్యారు. రాళ్లు, రత్నాల శాస్త్రం అభ్యసించి డైమండ్ వెంకయ్య అయ్యారు. బందరు జాతీయ కళాశాలలో ఉపాధ్యాయుడిగా కూడా పనిచేశారు.

వీటన్నింటి మధ్య ఆయన మనసు జెండా మీదనే ఉండేది. భారతదేశానికి ఒక జాతీయ పతాకం ఉండాలని, అది ఎలా ఉండవచ్చునో చూపుతూ 1916లో ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. 1921లో బెజవాడలో కాంగ్రెసు సమావేశాలు జరిగినప్పుడు గాంధీగారికి తన నమూనాను అందజేశారు. గాంధీగారి సూచనపై అందులో తెలుపు రంగు చేరింది. 1931లో కాంగ్రెసు మార్పులతో త్రివర్ణ పతాకాన్ని స్వీకరించింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకచక్రం ఉంచి దానిని జాతీయ పతాకంగా ఆమోదించింది.

స్వరాజ్యం వచ్చేనాటికి ఆయనకు డెబ్బదియేండ్లు దాటాయి. జెండా దేశమంతటా ఎగిరింది, జెండా ఇచ్చిన మనిషి మరుగున పడ్డారు. ఖనిజాల విషయంలో సలహాదారుగా కొంతకాలం పనిచేశారు. ఆ పని పోవడంతో రాబడి ఆగిపోయింది. సైనిక సేవకు గుర్తుగా విజయవాడ చిట్టినగర్‌లో లభించిన స్థలంలో గుడిసె వేసుకొని లేమిలో కాలం వెళ్లదీశారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. 1963 జనవరిలో విజయవాడ పెద్దలు కొందరు ఆయనను సత్కరించి కొంత నిధి సమకూర్చారు. ఆ సంవత్సరమే జూలై 4న ఆయన కన్నుమూశారు. తన దేహంపై త్రివర్ణ పతాకం కప్పాలని, శ్మశానం చేరాక దానిని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టాలని తన వారికి ముందుగానే చెప్పుకున్నారంటారు.

ఆయన అంతరంగంలో ఎంత కలత ఉండెనో దేవునికే తెలియాలి. కాని ఆయన గడిపిన చివరి రోజులలో, మన పెద్దల కలతకు మూలమయ్యే మూడు ప్రశ్నలు కనబడుతున్నాయి. రేపు ఎలా గడుస్తుంది? పని చేయలేని నేను ఎవరికి కావాలి? నేను పోయేటప్పుడు నా దగ్గర ఎవరుంటారు? కుమారుడు హైదరాబాదులో, కుమార్తె అమెరికాలో ఉంటే ఈ మూడో ప్రశ్న రాత్రివేళ మరీ బాధిస్తుంది.

వీటికి మనం ఏమి చేయగలం? పెద్దల మందులకు, ఖర్చులకు ఇచ్చే డబ్బు వారు అడగకముందే నెలనెలా చేతిలో పెట్టాలి. చేయగలిగిన పని చేయనివ్వాలి. కూర తరగడం, మనుమలకు జపమాల నేర్పడం చిన్న పనులు కావు. చావు మాట ఎత్తగానే నోరు మూయించకుండా, వారి చివరి కోరికలు ఓపికగా విని రాసిపెట్టాలి. చెప్పుకున్నవారి మనసు తేలికపడుతుంది.

గుండెదడ, నిద్రలేమి వారాల తరబడి ఉంటే డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్, గుండెజబ్బు, కొన్ని మందులు కూడా ఇటువంటి లక్షణాలు కలిగిస్తాయి. కలతే వ్యాధిగా మారినప్పుడు దానికి కూడా చికిత్స ఉంది. మందులషాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి వేయడం ప్రమాదం. పెద్దవయసులో వాటివలన తూలి పడిపోతారు, మతిమరుపు పెరుగుతుంది.

మరొక మాట. విశ్వాసముంటే భయమెందుకని గురువులమైన మేము కూడా కొన్నిసార్లు అనేస్తుంటాం. దానితో భయపడినవారికి భయంతోపాటు తప్పుచేశామన్న బాధ కూడా తోడవుతుంది. ముసలితనంలో తనను విడనాడవద్దని దేవునికి మొరపెట్టుకున్న భక్తుని ప్రార్థన 71వ కీర్తనలో ఉంది. ఆ భయాన్ని దేవుడు తప్పుపట్టలేదు. అలాగే, గురువును పిలిస్తే పెద్దాయన హడలిపోతాడని వ్యాధిగ్రస్తుల అభ్యంగనాన్ని ఊపిరి పోయే ఘడియ వరకు వాయిదా వేయకండి. అది వ్యాధిలో, వృద్ధాప్య బలహీనతలో ఊరటనిచ్చే సంస్కారం. అవసరమైతే మరల కూడా పొందవచ్చు.

వెంకయ్యగారి పేరిట తపాలా బిళ్ల 2009లో వచ్చింది. అప్పటికి ఆయన పోయి 46 ఏండ్లు. పోయినవారికి మనం చేసే సత్కారం మంచిదే, కాని అది వారి ఒక్క రాత్రి భయాన్ని కూడా తీర్చలేదు. ఈ ఆదివారం పూజ నుండి ఇంటికి వెళ్లాక, మీ ఇంటి పెద్దల మంచం పక్కన ఒక అరగంట కూర్చోండి. వారు చెప్పింది నిరుడు విన్న కథే అయినా, మరల వినండి.