విలియం హార్వే: రక్తం ఒళ్లంతా తిరుగుతుందంటే మతి పోయిందన్నారు.. చివరికి ఆయన మాటే నిజమైంది!

మన గుండె రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బయటకు తోస్తుంది. ఆ రక్తం ఒళ్లంతా తిరిగి మళ్లీ గుండెకే చేరుతుంది. ఇప్పుడు స్కూల్ పిల్లలకూ తెలిసిన విషయమే ఇది. కానీ 400 ఏళ్ల క్రితం ఈ మాట చెప్పిన డాక్టర్‌కు పిచ్చి పట్టిందనుకున్నారు జనం. ఆయనే విలియం హార్వే.

1578 ఏప్రిల్ 1న ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టోన్‌లో పుట్టారు హార్వే. తొమ్మిది మంది పిల్లల్లో ఈయనే పెద్ద. కేంబ్రిడ్జ్‌లో చదువుకుని, వైద్యవిద్య కోసం ఇటలీలోని పాడువా వెళ్లారు. అక్కడి గురువు ఫాబ్రీషియస్ సిరల లోపల ఉండే చిన్న చిన్న కవాటాలను, అంటే వాల్వ్‌లను చూపించారు. అవి అసలు ఎందుకున్నాయో మాత్రం గురువుగారికీ అంతుపట్టలేదు. 1602లో డిగ్రీ పట్టుకుని లండన్ వచ్చిన హార్వే, సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రిలో డాక్టర్ అయ్యారు. తర్వాత రాజుగారికే వైద్యుడయ్యారు.

అప్పటిదాకా అందరూ నమ్మింది గ్రీకు వైద్యుడు గాలెన్ మాటే. తిన్న తిండి నుంచి కాలేయం రక్తం తయారు చేస్తుందని, శరీరం దాన్ని వాడేసుకుంటుందని 1400 ఏళ్లుగా అదే పాఠం. హార్వే ఓ చిన్న లెక్క వేశారు. గుండె ఒక్కసారికి కాస్తే తోసిందనుకున్నా, అరగంటలో వెయ్యి సార్లకు పైగా కొట్టుకుంటుంది. అంటే ఒంట్లో ఉన్న మొత్తం రక్తం కంటే ఎక్కువే! అంత రక్తం ఏ తిండి నుంచి పుడుతుంది? పుట్టదు. ఉన్న రక్తమే మళ్లీ మళ్లీ తిరుగుతోందన్నమాట.

రుజువు కోసం చేతికి కట్టు కట్టి చూశారు. బాగా బిగిస్తే నాడి ఆగి చెయ్యి చల్లబడింది. కాస్త వదులు చేస్తే కట్టు కింద సిరలు ఉబ్బాయి. రక్తం ధమనుల్లో వస్తోంది, సిరల్లో తిరిగి వెళ్తోంది. వాల్వ్‌లు ఉన్నది దాన్ని వెనక్కి రానివ్వకుండా ఆపడానికే!

1628లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఈ పుస్తకం అచ్చయింది. పట్టుమని 72 పేజీలే. అంతే, పేషెంట్లు తగ్గిపోయారు. ప్యారిస్‌లో పేరున్న డాక్టర్లు ఎదురు తిరిగారు. 1642లో అంతర్యుద్ధం మొదలయ్యాక సైనికులు ఆయన బసలో చొరబడి, ఏళ్ల తరబడి రాసుకున్న నోట్సు నాశనం చేశారు. జీవితంలో ఆయన్ను బాగా కుంగదీసిన నష్టం అదే.

ఒక్క ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. ధమనుల నుంచి సిరల్లోకి రక్తం ఎలా వెళ్తోంది? ఆ దారి హార్వే కంటికి కనిపించలేదు. 1657 జూన్ 3న, 79 ఏళ్ల వయసులో పక్షవాతంతో కన్నుమూశారు. నాలుగేళ్లకే, 1661లో ఇటలీకి చెందిన మాల్పీగీ మైక్రోస్కోప్‌లో కప్ప ఊపిరితిత్తులు చూస్తుంటే, వెంట్రుక కన్నా సన్నని రక్తకేశనాళికలు బయటపడ్డాయి. హార్వే ఊహించిన దారి అదే!

ఈసారి బ్లడ్ టెస్ట్‌కు వెళ్లినప్పుడు గమనించండి. చేతికి పట్టీ కట్టగానే నరం ఉబ్బుతుంది కదా.. అది హార్వే చేసిన ప్రయోగమే.