దారిదోపిడీ చేసిన ఆళ్వార్

ద్వారకా తిరుమల ప్రాకారంలో పన్నెండుమంది ఆళ్వార్ల గుళ్లు చూసే ఉంటారు. మా ఏలూరు వాళ్లకి దగ్గరే. ఆ పన్నెండుమందిలో తిరుమంగై ఆళ్వార్ అంటే నాకు మరీ ఇష్టం. ఆయన ఒకప్పుడు ముఠా కట్టి దారులు కొట్టాడు!

అసలు పేరు నీలుడు, చోళ సేనాని. కుముదవల్లిని పెళ్లాడాలంటే ఏడాదిపాటు రోజూ 1008 మంది వైష్ణవులకి భోజనం పెట్టాలి. డబ్బు అయిపోయింది, దోపిడీ మొదలైంది. అన్నదానానికే కదా అంటారేమో... సొమ్ము పోయినవాళ్లు అలా అనుకోరుగా!

ఒకరాత్రి పెళ్లిబృందాన్ని అటకాయించాడట. పెళ్లికొడుకు కాలి మెట్టె ఊడకపోతే పళ్లతో పీకాడు. నగల మూట మాత్రం కదల్లేదు. ఏం మంత్రం వేశావో చెప్పమని కత్తి దూశాడు. పెళ్లికొడుకు చెవిలో అష్టాక్షరి చెప్పాడు. ఆయన నారాయణుడే!

తర్వాత ఊరూరా తిరిగి పాడాడు. గడిచిన బతుకుని దాచుకోలేదు, పెరియ తిరుమొళి మొదట్లోనే దాని గురించి కుమిలిపోయాడు. మన అహోబిలాన్ని పాడిన ఆళ్వార్ ఆయనొక్కడే. శ్రీరంగంలో ఆ దోపిడీని ఇప్పటికీ వేడుపరి ఉత్సవంలో ప్రదర్శిస్తారు.