క్లాడియా జోన్స్: కార్నివాల్ వెనుక ఒక బహిష్కృత

లండన్‌లో ఏటా ఆగస్టు చివర జరిగే నాటింగ్ హిల్ కార్నివాల్‌కు మూలం వీధిలో లేదు. 1959 జనవరి 30న, గడ్డకట్టే చలికాలంలో, సెయింట్ పాంక్రస్ టౌన్ హాల్ నాలుగు గోడల మధ్య కరీబియన్ వలసదారులు జరుపుకున్న ఉత్సవంలో ఉంది. దాని నిర్వాహకురాలు క్లాడియా జోన్స్.

ఆమె 1915లో, నాడు బ్రిటిష్ వలసగా ఉన్న ట్రినిడాడ్‌లో జన్మించారు. 1924లో బాల్యంలోనే న్యూయార్క్ చేరారు. హార్లెమ్ పేదరికంలో పెరిగారు. పదిహేడవ ఏట సోకిన క్షయ ఊపిరితిత్తులను జీవితాంతం బలహీనపరిచింది. కమ్యూనిస్టుగా, పాత్రికేయురాలిగా ఎదిగిన ఆమెకు అమెరికా పౌరసత్వం ఇవ్వలేదు. జైలులో ఉంచి, 1955 డిసెంబరులో దేశం నుంచి పంపివేసింది. ముప్పై ఏళ్లకు పైగా నివసించిన నేల అది. పుట్టిన ట్రినిడాడ్‌కు రావడానికి అక్కడి వలస పాలకులు ఒప్పుకోలేదు. చివరకు బ్రిటన్ చేరారు.

1958 మార్చిలో, బ్రిక్స్‌టన్‌లోని ఒక క్షౌరశాల పై అంతస్తులో, వెస్టిండియన్ గెజెట్ పత్రికను స్థాపించారు. అదే ఏడాది వేసవి చివర నాటింగ్ హిల్‌లో నల్లజాతీయులపై శ్వేతజాతి మూకలు దాడులకు దిగాయి. కార్నివాల్ ఆ గాయానికి ఆమె ఇచ్చిన జవాబు. ఉత్సవ సంచిక అమ్మకాల్లో కొంత సొమ్మును ఆ ఘటనల్లో శిక్షపడిన నల్ల, తెల్ల యువకుల జరిమానాలకు కేటాయించారు. తెల్లవారిని కూడా చేర్చడం గమనించదగినది.

ఆరు దశాబ్దాల తరువాత అదే సమాజం మరోసారి చేతులు కలపవలసి వచ్చింది. తల్లిదండ్రుల వెంట చట్టబద్ధంగా వచ్చి, బ్రిటన్‌లోనే వృద్ధులైన కరీబియన్లు, పత్రాలు చూపలేక ఉద్యోగాలు, వైద్యం కోల్పోయారు. కొందరు నిర్బంధానికి, బహిష్కరణకు గురయ్యారు. 2018లో ఈ విండ్‌రష్ ఉదంతం బయటపడింది. 2019లో ప్రభుత్వం పరిహార పథకం ప్రారంభించింది. అయితే దరఖాస్తుకు ప్రభుత్వ న్యాయ సహాయం వర్తించలేదు. దశాబ్దాల నాటి ఆధారాలు వెదకి దరఖాస్తులు నింపే భారం స్వచ్ఛంద న్యాయవాదులపై, స్థానిక సంఘాలపై పడింది. చిన్ననాడు వచ్చిన దేశమే పరాయిని చేయడం క్లాడియాకు తెలియని అనుభవం కాదు.

కామన్వెల్త్ వలసలను నియంత్రించిన 1962 చట్టాన్ని ఆమె తీవ్రంగా వ్యతిరేకించారు. చట్టం ఆగలేదు. పత్రికకు ఎప్పుడూ డబ్బు కొరతే. 1964 డిసెంబరులో, నలభై తొమ్మిదేళ్ల వయసులో, లండన్‌లోని తన నివాసంలో కన్నుమూశారు. హైగేట్ శ్మశానవాటికలో కార్ల్ మార్క్స్ సమాధికి ఎడమ పక్కన ఆమెను ఉంచారు. సంపాదకురాలు లేని గెజెట్ ఎక్కువ కాలం నడవలేదు.