మా నాన్నగారు చెప్పిన సి.కె.నాయుడు గారు

రాజమండ్రిలో నా చిన్నతనంలో మా నాన్నగారు నాతో చదువు సంగతి తప్ప వేరే మాట్లాడేవారు కాదు. క్రికెట్ ప్రస్తావన వస్తే మాత్రం వీధి అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని సి.కె.నాయుడు గారి కథ మొదలుపెట్టేవారు.

నాయుడు గారు 1895 అక్టోబరు 31న నాగపూరులో తెలుగు కుటుంబంలో జన్మించారు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లే 11! 1932లో లార్డ్స్‌లో భారతదేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు ఆయనే కెప్టెన్. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా, మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులతో మనవాళ్ళలో ఆయనదే పైచేయి. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో అడుగుపెట్టినప్పుడు నాయకత్వం వహించారు. అప్పటికి ఆయనకు 58 ఏళ్ళు, మనలో చాలామంది పదవీ విరమణ చేసిన వయసు! 1956లో పద్మభూషణ్ అందుకున్నారు.

1967 నవంబరు 14న ఇండోరులో ఆయన కన్నుమూశారు. ఆ వార్త చదివి నాన్నగారు పేపరు మడిచి నా చేతికిచ్చారు. ఆ పూట భోజనానికి లేవలేదు.

నాయుడు గారి కుమార్తె చంద్ర గారు 1977లో క్రికెట్ వ్యాఖ్యాతగా మైకు పట్టుకున్నారు. తండ్రిగారి జ్ఞాపకాలను పుస్తకంగా కూడా రాశారు. నాకు మాత్రం నాన్నగారి మాటలు రాసుకోవాలని తోచలేదు. ఆయన పోయాక సగం మరిచిపోయాను. మిగిలిన సగం ఇప్పుడు సాయంత్రాలు మా మనవడికి చెబుతున్నాను. మీరూ చెప్పండి. వీలైతే రాసి పెట్టండి.