మల్లమార్తాండ కోడి రామమూర్తి

కోడి రామమూర్తినాయుడు పేరు వినగానే ఆంధ్రులకు మొదట స్ఫురించేది గుండెలమీది ఏనుగు. పిమ్మట ఉక్కు గొలుసు, కదలలేక నిలిచిపోయిన మోటారుకారు. కలియుగ భీముడన్న బిరుదు ఆ వెనుకనే వచ్చును. ఇన్ని అద్భుతముల నడుమ మరుగున పడిన విషయమొకటి కలదు. ఆయన పుట్టు మల్లుడు కాదు, నేర్చుకొని మల్లుడైనవాడు. ఆ నేర్చుకొనుటలో బలమన్న మాటకు ఆయన చెప్పుకొన్న అర్థము ఒకటికి రెండు సార్లు మారినది.

ఆయన స్వగ్రామము వీరఘట్టము. ఈనాడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన ఆ ఊరు ఆ కాలమున మద్రాసు రాజధానిలోనిది. 1880 తరువాతి తొలి యేండ్లలో అచట జన్మించిన ఈ బాలునకు తల్లి చిన్ననాడే దూరమైనది. చదువుమీద మనసు నిలువక, తోటి పిల్లలతో కలియబడుటయే పనిగా తిరిగెడివాడని చెప్పుదురు. దిక్కుతోచని తండ్రి వెంకన్ననాయుడు కుమారుని విజయనగరములో పోలీసు ఉద్యోగములో ఉన్న సోదరుడు నారాయణస్వామినాయుని వద్దకు పంపినారు. తల్లిలేని పిల్లవాడు తగవులమారి అయినపుడు తండ్రికి మిగిలిన మార్గములు ఎన్ని?

విజయనగరము అప్పటికి సామాన్యమైన పట్టణము కాదు. ఆనందగజపతి ఏలుబడిలో విద్వాంసులకూ గాయకులకూ నెలవై, 1892లో కన్యాశుల్కము మొదటిసారి రంగమెక్కిన ఊరది. ఆ ఊరిలోనే మరొకవైపు సాముగరిడీలకు ఆదరము ఉండెడిది. నాటకమునకు పోయినవారి పేర్లు మన సాహిత్యచరిత్రలో నిలిచినవి. గోదాలో మట్టి పూసుకొన్నవారి పేర్లు చాలవరకు పోయినవి. రామమూర్తి ఒక్కడు మిగిలినాడు.

కొత్తగా గోదాలో దిగిన కుఱ్ఱవాడు భుజబలమునే నమ్ముకొనును. ఎదుటివానిని పట్టుకొని నెట్టును, లాగును, క్షణములో రొప్పును. తనకన్న సన్ననివాడు తనను వెల్లకిల పడవేయుట ఆ వయసున గొప్ప అవమానము. దండీలు, బస్కీలు నెలల తరబడి తీసినపిమ్మటగాని అసలు సంగతి బోధపడదు. పట్టు చేతిలో ఉన్నట్లు కనబడినను దాని ఆధారము నడుములోను, పాదములలోను ఉండును. ఎదుటివాని తూగు ఎటు పోవుచున్నదో కనిపెట్టి ఆవైపే తోడు పోవువానికి సగము శ్రమ తప్పును. దెబ్బలాటలకు అలవాటుపడిన వీరఘట్టపు బాలుడు ఈ మెట్టు ఎక్కవలసినవాడే, ఎక్కినాడు. మల్లవిద్యలో పేరు తెచ్చుకొన్నాడు.

తరువాత మద్రాసు చేరువనున్న సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామశిక్షణ పొంది, యోగ్యతాపత్రముతో విజయనగరము తిరిగివచ్చి, తాను చదువుకొన్న పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయుడైనారు. ఆయన చరిత్ర చెప్పువారు ఈ ఘట్టమును ఒక్క వాక్యములో దాటివేయుదురు. అది న్యాయముగా తోచదు. తన కోసము అభ్యసించినవాడు చేసి చూపిన చాలును. పదిమందికి నేర్పువాడు అది ఎట్లు జరుగుచున్నదో విప్పి చెప్పవలెను. బక్కపిల్లవాడు ఎందుకు అలసిపోవుచున్నాడో, లావుపాటివాడు ఎందుకు తూలుచున్నాడో విచారింపవలెను. ఇంతకు పూర్వము దేహమును వాడుకొన్న మనిషి ఇక్కడ దేహమును చదువుట ఆరంభించినారు.

ఆ చదువు ఆయనను ఊపిరి దగ్గరకు తీసికొనిపోయినది. ప్రాణాయామమును, వాయుస్తంభన జలస్తంభన విద్యలను ఆయన సాధన చేసినారు. గొలుసు తెంపుటలోని కీలకము అదియే. ఛాతీకి బిగించిన గొలుసును తెంపునది చేయి కాదు. నిండుగా పీల్చి బంధించిన గాలి, దానిని చుట్టుకొన్న కండరములు. ఏనుగు విషయమును అట్టిదే. ఛాతీపై మందపు బల్ల పరచినపుడు బరువు ఒక్కచోట గుచ్చుకొనక విస్తరించును. గాలితో నిండిన ఎముకల గూడు వంతెన కమానువలె దానిని మోయును. ఆ కొద్ది క్షణములలో ఊపిరి జారినచో కమాను కూలును. ఈ వివరణము తెలిసినంత మాత్రాన ఆ సాహసము చిన్నది కాదు. లెక్క తెలిసినవారు ఎందరో ఉన్నారు. బల్లక్రింద పండుకొన్నవారు అరుదు.

పొట్టి పంతులు అను మిత్రుని ప్రోత్సాహముతో సర్కసు స్థాపించి ఊరూర ప్రదర్శనలిచ్చినారు. కాలము కూడ అనుకూలించినది. ఐరోపా బలశాలి శాండో 1904, 1905లలో మన దేశములో పర్యటించి వెళ్లినాడు. 1905లో బంగాళ విభజనతో స్వదేశీ ఉద్యమము రగిలినది. భారతీయులు దుర్బలులని పాలకులు అనుచున్న దినములవి. అట్టి వేళ శాకాహారి అయిన తెలుగువాడొకడు దేశీయసాధనతో గొలుసులు తెంపుచుండగా జనులు దానిని వినోదముగా మాత్రమే చూడలేదు. పూనాలో తిలక్ మహాశయుడు ఆదరించి మల్లమార్తాండ బిరుదమిచ్చినారని, రాజప్రతినిధి మింటో స్వయముగా కారు నడిపి పరీక్షించినారని ప్రతీతి. మాలవీయ పండితుని ప్రోత్సాహముతో విదేశములకు వెళ్లి ఐదవ జార్జి చక్రవర్తి మెప్పు పొందినారని కూడ చెప్పుదురు. ఉత్తరాదివారికి ఆయన ప్రొఫెసర్ రామమూర్తి. ఆ పిలుపు సర్కసులవారి ఆడంబరమే కావచ్చును. పాఠశాలలో మొదలైన మనిషికి మాత్రము అది నప్పినది.

ప్రదర్శన వేరు, సాధన వేరు. గోదాలో ఓడినవాడు మరునాడు మరల దిగవచ్చును. బల్లక్రింద ఓటమికి రెండవమారు ఉండకపోవచ్చును. ఒకసారి బల్ల విరిగి ప్రక్కటెముకలకు గాయమై చాలకాలము మంచమున పడినారని ఆయన కథలలో కలదు. అది ఎంతవరకు నిజమైనను, వందలమంది చప్పట్లు కొట్టుచుండగా తన శ్వాసనొక్కదానినే వినుచు పడియుండుట ప్రతి ప్రదర్శనలోను ఆయనకు తప్పనిది.

చివరి దినములలో కాలికి పుండు లేచి, కాలే తీసివేయవలసి వచ్చినది. మత్తుమందు పుచ్చుకొనక, ఊపిరి బిగబట్టి శస్త్రచికిత్సకు ఓర్చుకొన్నారని జనశ్రుతి. బాల్యములో పరుగును, పోట్లాటను తప్ప వేరెరుగని ఆ దేహమునకు నడకకూడ కరవైనది, సంపాదన కరిగినది. ఒడిశా సంస్థానములవారి ఆదరమున కాలము గడపుచు, 1942 జనవరి 16న బలంగీరులో కన్నుమూసినారు.

విశాఖపట్టణము సముద్రతీరపు దారిలో ఆయన విగ్రహము నిలిపినారు. శ్రీకాకుళములోని క్రీడాప్రాంగణమునకు ఆయన పేరు పెట్టినారు.