ముత్యాలసరంలో దేశభక్తి

నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన సర్వసిద్ధి రాయవరంలో, 1862వ సంవత్సరం సెప్టెంబరు 21వ తేదీన, మేనమామగారి ఇంట గురజాడ వేంకట అప్పారావుగారు జన్మించారు. తండ్రి వేంకటరామదాసుగారు విజయనగర సంస్థానోద్యోగి, తల్లి కౌసల్యమ్మగారు. చీపురుపల్లిలో బాల్యవిద్య ముగిసిన పిదప ఆయన విజయనగరం చేరారు. అచట మహారాజా కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖరశాస్త్రిగారు ఆశ్రయమిచ్చి చదువు చెప్పించారు. 1886లో బి.ఏ. పట్టం లభించింది. ఉపాధ్యాయుడుగా ఆరంభమైన జీవితం తరువాత ఆనందగజపతి మహారాజు ఆస్థానసేవలో సాగింది.

అప్పారావుగారి తొలి కవితాభ్యాసం ఆంగ్లంలో జరిగింది. 1883లో వెలువడిన ఆయన 'సారంగధర' కావ్యాన్ని మెచ్చుకొన్న కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ, పరభాషలో పొందే కీర్తికన్న మాతృభాషకు చేసే సేవయే శాశ్వతమని హితవు చెప్పారు. ఆ హితవు వృథా పోలేదు. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, 1909లో సమూలంగా మారి మరల వెలువడింది. వాడుకభాషకు నాటకంలో సింహాసనం దొరికింది. ఇక పద్యం మిగిలింది.

1905లో బంగాళ విభజన జరిగింది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించారు. దేశమంతట వందేమాతర నినాదం మారుమ్రోగుతూన్న ఆ కాలంలో, 1910లో, అప్పారావుగారు 'దేశభక్తి' గేయాన్ని రచించారు. అందులో దేవతాస్తుతి లేదు, గతవైభవ వర్ణన లేదు. దేశమనగా అందలి జనులే అన్నది దాని సారం. పాడిపంటలు పెంచుట, దేశీయ వస్తువులు తయారుచేయుట, స్వార్థం కొంత మానుకొని పొరుగువానికి తోడ్పడుట, మతాలు వేరైనా మనసులు కలిసి మెలగుట — ఇవే అందలి ప్రబోధాలు.

ఇంతటి భావాన్ని పామరుని నోటికి అందించినది దాని నడక. ఆ ఛందస్సుకు ముత్యాలసరమని పేరు. పాదానికి పదునాలుగు మాత్రలు. అవి మూడు, నాలుగు, మూడు, నాలుగుగా విరుగుతాయి. ఇట్టి పాదాలు మూడు నడచిన పిమ్మట నాలుగవది సాధారణంగా కురుచగా ముగుస్తుంది. 'దేశభక్తి' తొలి చరణంలో నాలుగవ పాదానికి పండ్రెండే మాత్రలు. మిగిలిన రెండు మాత్రల వ్యవధిలో గొంతు ఊపిరి తీసుకొంటుంది, మనసు మాటను పట్టుకొంటుంది. సంగీతంలో ఏడు మాత్రల మిశ్రచాపు తాళం నడక కూడ ఇదే. పాదాంతాలలో అన్నా, ఓయ్ అనే పిలుపులు దీర్ఘంగా సాగి, వినేవానిని భుజం తట్టి పలుకరిస్తాయి. యతిప్రాసల నిర్బంధాన్ని కవి సడలించారు. అయినా ప్రాస అక్కడక్కడ తనంత తానే వచ్చి చేరి పాటకు బిగువునిచ్చింది. ఇది పారశీక గజలు ప్రభావమని కొందరు, వృషభగతి రగడకు రూపాంతరమని కొందరు తలచారు. మూలమేదైనా, 'లవణరాజు కల', 'కన్యక' వంటి కథలను సైతం మోయగల శక్తిని దానికి ప్రసాదించినవారు అప్పారావుగారే.

ఆనాటి పండితలోకం దీనిని సులభంగా అంగీకరించలేదు. పాఠశాల చదువులలో ఏ తెలుగు ఉండవలెనన్న వివాదంలో అప్పారావుగారు బాల్యమిత్రులు గిడుగు రామమూర్తిగారి పక్షాన నిలిచారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి విపులమైన అసమ్మతిపత్రం సమర్పించారు. తీర్పు గ్రాంథికం వైపే మొగ్గింది. ఆరోగ్యం చెడిన ఆ కవి, 1915 నవంబరు 30వ తేదీన, ఏబదిమూడేండ్ల వయసులో, విజయనగరంలో కన్నుమూశారు.

పండితసభలో నెగ్గని ఆ భాష పిల్లల గొంతులలో నెగ్గింది. ఆయన కాలంలో పాఠ్యపుస్తకానికి తగదనిపించిన ఆ తెలుగే తరువాతి తరాలకు పాఠమైంది. తరగతిలో ఈ గేయాన్ని కంఠస్థం చేయించేటప్పుడు, ఆ మూడు నాలుగుల నడకను ఒకసారి చేతితో తాళం వేయించి చూపితే చాలు. సులభంగా తోచే పాట వెనుక ఎంతటి సాధన ఉన్నదో బాలురకు తానై బోధపడుతుంది.