దండతో పాటు ఒక అర్జీ

బేబ్ రూత్‌కు ఓటు వెయ్యడానికి చెయ్యి రానివాళ్లు కూడా ఉంటారా అంటే, ఉన్నారు. పదకొండుమంది! 1936లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు మొట్టమొదటి ఎన్నిక జరిగినప్పుడు ఓటేసిన విలేకరులు 226 మంది. నూటికి డెబ్బై అయిదుగురు మెచ్చితేనే ప్రవేశమన్నది నియమం. అంటే 170 ఓట్లు కావాలి. టై కాబ్‌కు 222 వచ్చాయి. రూత్‌కు 215, హోనస్ వాగ్నర్‌కూ అంతే. క్రిస్టీ మాథ్యూసన్‌కు 205, వాల్టర్ జాన్సన్‌కు 189. ఆ ఏడాదికి ఆ అయిదుగురితోనే సరి. 511 ఆటలు గెలిపించిన పిచర్ సై యంగ్‌కు 111 ఓట్లే పడ్డాయి. పాపం, ఆయన మరుసటి ఏడాది దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఎన్నికకు ఈ 2026తో తొంభై ఏళ్లు నిండాయి. ఆ హాల్ ఉన్న కూపర్స్‌టౌన్‌కు శుభాకాంక్షలు, జేజేలు! పండగపూట నాలుగు మంచిమాటలు చెప్పాలి కదా అని చెబుతున్నవి కావు ఇవి. ఆ పిసినారితనమంటే నాకు నిజంగానే గౌరవం. మన వైపు శాలువా కప్పించుకోని పెద్దమనిషిని వెతికి పట్టుకోవడం కష్టం. అక్కడ మాత్రం ఒక్క ఓటూ పోకుండా నెగ్గిన తొలి ఆటగాడు రావడానికి 83 ఏళ్లు పట్టింది. 2019లో యాంకీస్ పిచర్ మరియానో రివేరాకు 425కి 425 పడ్డాయి. ఆ తర్వాత డెరెక్ జీటర్‌కు ఒక్కటంటే ఒక్క ఓటు తగ్గింది. 2025లో ఇచిరో సుజుకీకీ అదే గతి.

ఏ క్షేత్రానికైనా ఒక స్థలపురాణం ఉంటుంది. కూపర్స్‌టౌన్‌దీ ఉంది. 1839లో ఆబ్నర్ డబుల్‌డే అనే ఆయన అక్కడే ఈ ఆటను కనిపెట్టాడని 1907లో ఒక సంఘం తేల్చింది. అసలు ఆ ఏడాది డబుల్‌డే వెస్ట్ పాయింట్‌లో సైనిక విద్యార్థి. అయినా పక్క పల్లెలో ఒక పాత పెట్టెలో దొరికిన బంతిని, ఇది డబుల్‌డే నాటిదేనంటూ, సింగర్ కుట్టుమిషన్ల వారసుడు స్టీఫెన్ క్లార్క్ అయిదు డాలర్లకు కొన్నాడు. దాని చుట్టూ మ్యూజియం లేచింది, 1939 జూన్ 12న తలుపులు తెరిచారు. కథ కల్లే. మ్యూజియం మాత్రం అసలుది. న్యూజెర్సీలో మనవాళ్లుండే ఊళ్ల నుంచి కారులో ఇంచుమించు నాలుగు గంటల దారి. పిల్లల్ని లిటిల్ లీగ్ ఆటలకు తిప్పే తల్లిదండ్రులు ఒక్కసారైనా చూసి రావాలని నా సలహా.

వెళితే కంచు ఫలకాల గదిలో రెండు ఫలకాల ముందు కాసేపు ఆగండి. ఒకటి జాకీ రాబిన్సన్‌ది. నల్లజాతివారికి మూసి ఉన్న మేజర్ లీగ్ తలుపును 1947లో తెరిచినవాడు. 1962లో పెట్టిన ఫలకం మీద ఆ ముక్కే లేదు. తనను ఆటగాడిగానే తూచమని ఆయన కోరాడు గనుక పరుగులూ సగటులూ మాత్రం చెక్కారు. 2008లో దాన్ని తీసి, వర్ణవివక్షను ఎదిరించిన సంగతి కూడా చేర్చి కొత్తది పోయించారు. రెండోది రాబర్టో క్లెమెంటేది. ప్యూర్టోరికో మనిషి. నికరాగ్వా భూకంప బాధితులకు సామాను తీసుకెళుతూ 1972 డిసెంబర్ 31న విమానం కూలి పోయాడు. మరుసటి ఏడాదే ప్రత్యేక ఎన్నిక జరిపి చేర్చుకున్నారు. అయితే ఫలకం మీద ఇంటిపేర్లు అటుదిటు చేసి, తల్లివైపు పేరును మధ్యలో ఇరికించారు. 2000లో దాన్నీ మార్చారు.

దిద్దుబాట్లలో పెద్దది, నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడిన నీగ్రో లీగుల విషయం. 1966లో టెడ్ విలియమ్స్ తన సన్మాన సభలోనే, శాచెల్ పేజ్, జాష్ గిబ్సన్ లాంటివాళ్లు ఇక్కడ ఎందుకు లేరని అడిగేశాడు. అయిదేళ్లకు పేజ్‌ను తీసుకున్నారు, అదీ మొదట వేరే విభాగంలో పెడతామని చెప్పి! జనం దుమ్మెత్తి పోశాక అందరితో పాటే చోటిచ్చారు. ఆలస్యంగానైనా కంచును కరిగించి మళ్లీ పోసే సంస్థ గనుకనే, దండ వేస్తున్న చేత్తోనే ఒక అర్జీ కూడా ఇస్తున్నాను. ఇక నా జాబితా.

మొదటి పేరు కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు సెంటర్ ఫీల్డర్, 1963 నుంచి 1969 దాకా వరసగా ఏడు గోల్డ్ గ్లవ్‌లు. 1969 చివర్లో జట్టు అతణ్ణి ఫిలడెల్ఫియాకు ఇచ్చేసింది. అప్పటి ఒప్పందాల్లో రిజర్వ్ క్లాజ్ అని ఒకటుండేది. సంతకం పెట్టిన ఆటగాడు ఆ జట్టు సొత్తు, వాళ్లు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. ఫ్లడ్ పోనన్నాడు. క్రిస్మస్ ముందురోజు కమిషనర్ బౌవీ కూన్‌కు ఉత్తరం రాశాడు. పన్నెండేళ్లు ఆడినవాణ్ణి, కొనడానికీ అమ్మడానికీ నేనేం సరుకును కానని దాని సారాంశం. ఏడాదికి 90,000 డాలర్ల జీతం వదులుకుని కోర్టుకెక్కాడు. 1970లో విచారణ జరిగితే సాక్ష్యం చెప్పడానికి రాబిన్సన్ వచ్చాడు, హాంక్ గ్రీన్‌బర్గ్ వచ్చాడు. ఇద్దరూ రిటైరైనవాళ్లే. అప్పటికి ఆడుతున్నవాడు ఒక్కడంటే ఒక్కడు ఆ ఛాయలకు రాలేదు. 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో ఫ్లడ్ వాదన కొట్టేసింది. ఈలోగా 1971లో వాషింగ్టన్ తరఫున 13 ఆటలాడి, ఇక వల్ల కాదని మానుకున్నాడు.

నాలుగేళ్లు తిరక్కుండా ఇంకో ఇద్దరు పిచర్ల వివాదంలో మధ్యవర్తి తీర్పుతో ఆ క్లాజ్ కూలింది. 2024లో హువాన్ సోటో 76 కోట్ల 50 లక్షల డాలర్లకు మెట్స్‌తో సంతకం పెట్టాడు కదా, ఆ కలానికి సిరా పోసింది ఫ్లడ్. ఆటగాళ్ల సంఘాన్ని నడిపిన మార్విన్ మిల్లర్‌కు, పోయాకనే అనుకోండి, చోటిచ్చారు. ఆ యుద్ధంలో ఒళ్లు కాల్చుకున్నవాడికి ఇవ్వలేదు. ఫ్లడ్ అంకెలు చాలవంటారు కొందరు. చాలకపోవడం నిజమే కావచ్చు, ముప్పై రెండేళ్లకే వెలివేయించుకున్నవాడికి అంకెలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

రెండో పేరు టామీ జాన్. 1974లో డాడ్జర్స్‌కు ఆడుతుండగా ఎడమ మోచేతిలో లిగమెంట్ తెగింది. పిచర్‌కు అది తెగితే ఆట అయిపోయినట్టే. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ కుడి చేతిలోంచి ఒక స్నాయువు తీసి ఎడమ మోచేతి ఎముకల్లో రంధ్రాలు చేసి కట్టాడు. జాన్ 1975 అంతా ఆడలేదు. 1976లో తిరిగొచ్చి, ఆ అతుకుల చేత్తోనే ఇంకో 164 ఆటలు గెలిచాడు. మొత్తం 288. 46 ఏళ్ల వయసుదాకా బంతి విసిరాడు. ఇవాళ ఏ పిచర్ మోచెయ్యి పోయినా డాక్టర్లు చేసే ఆపరేషన్‌కు ఇతని పేరే. ఆ పేరు రోజూ పలికే ఆటకు, గోడ మీద రాసుకోవడానికి ఏమడ్డం వచ్చిందో!

మూడో మనిషి డెట్రాయిట్ టైగర్స్ సెకండ్ బేస్‌మన్ లూ విటేకర్. షార్ట్‌స్టాప్ అలన్ ట్రామెల్‌తో ఒకే రోజు మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, జంటగా 1,918 ఆటలాడాడు. ట్రామెల్ 2018లో లోపలికి వెళ్లాడు. విటేకర్‌కు 2001లో, బ్యాలట్ మీద మొదటి ఏడాదే, 2.9 శాతం వచ్చింది. అయిదుకు తగ్గితే పేరు కొట్టేస్తారు, కొట్టేశారు. ట్రామెల్ కంటే ఇతనే ఒక వెంట్రుకవాసి మెరుగని నా లెక్క. గొడవలు పెట్టుకోనివాణ్ణి, విలేకరులతో ముచ్చట్లాడనివాణ్ణి మరిచిపోవడం తేలిక.

బ్యారీ బాండ్స్ సంగతేంటని అడుగుతారు. 762 హోమ్ రన్లు, ఏడు ఎంవీపీలు. స్టెరాయిడ్ల మరక వల్ల పదేళ్లూ బ్యాలట్ మీద నలిగి, 2022లో 66 శాతం దగ్గర ఆగిపోయాడు. లోపలికి తీసుకోండి, ఆ మరకనూ ఫలకం మీద చెక్కండి. మ్యూజియం పని అదే కదా. పీట్ రోజ్ విషయంలో మాత్రం నాకు తొందర లేదు. 4,256 హిట్లు కొట్టినవాడే, కాదనను. కానీ సొంత జట్టు ఆటల మీదే పందేలు కాశాడు. ఆ పని చెయ్యొద్దని ప్రతి డ్రెస్సింగ్ రూములోనూ గోడకు రాసే ఉంటుంది. చచ్చాక నిషేధం ఎత్తేశారు, ఎత్తెయ్యనీ. ముందు క్యూలో ఉన్నవాళ్లను చూడండి.

చూడటానికి ముహూర్తం కూడా ఉంది. ఫ్లడ్, జాన్ లాంటి పాతతరం ఆటగాళ్ల కోసం పదహారుమంది కమిటీ 2027 డిసెంబర్‌లో కూర్చుంటుంది. పన్నెండు ఓట్లొస్తే చాలు. 2024లో అదే కమిటీ డేవ్ పార్కర్‌కు ఓటేసింది. సన్మానం 2025 జూలై చివర్లో. పార్కర్ జూన్ 28న పోయాడు. అప్పుడే ఎన్నికైన డిక్ అలన్ అయితే ఎన్నికకు నాలుగేళ్ల ముందే పోయాడు. ఆ 2024 ఓటింగ్‌లోనే టామీ జాన్‌కు ఏడొచ్చాయి. ఆయన పుట్టింది 1943లో. తొంభై ఏళ్ల సంస్థకు చెప్పేంతవాణ్ణి కాను గానీ, ఇంకో అయిదు ఓట్ల కోసం ఆయన్ని మరో విడత ఆపకండి.